రెండో మనిషి నోటుపుస్తకం

బ్లేడుతో చెక్కిన పెన్సిలు వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే సలోమి టీచరు గుర్తొస్తారు. మొన్న మా కాలేజీలో అదే జరిగింది. ఇంటర్ పిల్లల జువాలజీ రికార్డులు సంతకాల కోసం నా బల్ల మీదికి వచ్చాయి. బొమ్మలన్నీ ముందురోజు కూర్చుని హడావిడిగా వేసినవే. అట్ట తీస్తే చాలు, పెన్సిలు పొట్టు రాలుతోంది. మొదటి పుస్తకంలో బొద్దింకకి కుడి మీసం సగమే ఉంది. రెండో దాంట్లోనూ సగమే. మూడో దాంట్లోనూ అంతే. ఎవరో ఒక పిల్లకి దొరికిన బొద్దింకకి మీసం విరిగి ఉంటుంది, ఆ పిల్ల చూసింది చూసినట్టు వేసి ఉంటుంది. మిగతా తరగతంతా బొద్దింకని చూడలేదు, ఆ పిల్ల పుస్తకాన్ని చూసింది. పక్క బల్ల దగ్గర ఫిజిక్స్ మాస్టారు టీ తాగుతూ, "సంతకం గీకేయండి మేడమ్, బొద్దింక వచ్చి కేసు పెట్టదు కదా" అన్నారు. "బొద్దింక పెట్టదండీ, నేను పెడతాను" అన్నాను. ఒక్క పుస్తకం తప్ప అన్నీ తిప్పి పంపాను. అసలుది ఏదో కనిపెట్టడం కష్టమేమీ కాలేదు. చెరిపి దిద్దిన గుర్తులు ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి.

నా నోరు మంచిది కాదని కాలేజీలో అందరికీ తెలుసు. నాతో వాదన పెట్టుకోవడం కన్నా ఎండలో నిలబడటం నయమని ప్రిన్సిపాలు గారు నా ఎదుటే అన్నారు. ఆ నోరు ఒకే ఒక్కసారి మెత్తగా, వినయంగా, పెద్దలందరూ మెచ్చుకునేలా పలికింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. అలా పలికినందుకే ఇవాళ్టికీ మెత్తటి మాటలంటే నాకు అనుమానం.

సలోమి టీచరు డెబ్బైల నడుమ తిరువూరులో, మేము చదివిన హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో సైకిలు తొక్కే ఆడమనిషి ఆవిడొక్కరే. ఆవిడ మంచి మనిషి అని రాస్తే చదివేవాళ్లకి సుఖంగా ఉంటుంది కానీ అది నిజం కాదు. పిల్లల్ని దగ్గరికి తీసే మనిషి కాదు, తల నిమిరే మనిషి అసలే కాదు. జవాబు చెప్పడానికి లేచి 'అనుకుంటానండీ' అని మొదలుపెట్టిన పిల్ల పని అయిపోయినట్టే. "అనుకోవడం తరవాత. చూశావా, చూడలేదా?" అనేవారు. చూడలేదంటే కూర్చోమనేవారు. చూశానంటే ఎప్పుడు, ఎక్కడ, ఎంత దూరం నుంచి అని అడిగేవారు. తరగతిలో సగం మంది 'చూడలేదండీ' అని కూర్చోవడమే నయమని తెలుసుకున్నారు. నేను మాత్రం నిలబడి వాదించేదాన్ని.

ఆ వాదనే నన్ను ఆవిడ సైకిలు క్యారియరు ఎక్కించింది. దసరా సెలవుల ముందు ఒకరోజు ఆవిడ గల్ అనే పక్షి గురించి చెబుతున్నారు. సముద్రం ఒడ్డున తిరిగే తెల్లటి పక్షి అనీ, శరత్కాలంలో ఉత్తరాది నుంచి వచ్చి మన రిజర్వాయరు మీద కూడా వాలుతుందనీ అన్నారు. నేను లేచి, సముద్రం వంద మైళ్ల అవతల ఉంటే సముద్రపు పిట్టకి తిరువూరులో ఏం పని అని అడిగాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఆదివారం ఆరింటికి మా ఇంటికి రా. వాదన రిజర్వాయరు కట్ట మీద పెట్టుకుందాం" అన్నారు.

రిజర్వాయరు వినగడప వెళ్లే దారిలో, ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఉండేది. మా నాన్నకి సంగతి చెప్పడం పెద్ద పనైంది. మాది పొలాలున్న ఇల్లు. ఆవిడేమో క్రైస్తవురాలు, వెళ్లేదేమో ఆదివారం. టీచరమ్మ పిల్లని మతంలో కలిపేసుకుంటోందని మా వీధిలో అప్పుడే ఒక మాట లేచింది. నిజానికి ఆవిడ కట్ట మీద నుంచి సరాసరి పది గంటల ఆరాధనకి చీర అంచున బురదతో వెళ్లేవారు. ఆ బురద చూసి చర్చిలో వాళ్లు కూడా ఆవిడని సగం మనిషిగానే లెక్కేసేవారు. నన్ను మాత్రం ఏనాడూ రమ్మనలేదు. మా వీధి మొదట్లో దింపేసి వెళ్లిపోయేవారు. నాన్న చాలాసేపు ఆలోచించి, "పిట్టల కోసమే అంటున్నావు, నమ్ముతున్నాను. అక్కడికెళ్లి ఇంకేదైనా చేస్తున్నావని తెలిసిందా, ఆ రోజుతో బడి ఆఖరు" అన్నారు. ఆయన అన్న మాట మీద నిలబడే మనిషి. మా పిన్ని కూతురికి అలా బడి ఆగిపోవడం నేను కళ్లారా చూశాను.

మొదటి ఆదివారమే నా వాదన ఓడిపోయింది. నీటి మధ్య ఇసుక దిబ్బ మీద ఇరవై దాకా తెల్లటి పక్షులు ఒకే వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాయి. అక్కడ తూములు తిప్పే లస్కరు కోటయ్య వాటిని సముద్రపు కాకులనేవాడు. ఆవిడ సైకిలు కనపడగానే, "ఏం టీచరమ్మా, ఇవాళ కాకులన్నీ హాజరు పలికాయా?" అని పలకరించేవాడు. "కాకులతో వాటికి చుట్టరికం లేదు కోటయ్యా, నీకూ నాకూ ఉన్నంత కూడా లేదు" అనేవారు ఆవిడ. అతను పగలబడి నవ్వేవాడు. ఆవిడ నవ్వించగలరని నాకు అక్కడే తెలిసింది.

ఆ ఇరవైలో ఉండేవి గోధుమ తల గల్ పక్షులు. చలికాలానికి ఆ గోధుమరంగు పోయి, చెవి దగ్గర ఒక మచ్చ మిగులుతుంది. ఏటేటా వచ్చేవి అవే. ఆవిడ వెతికేది వాటిని కాదు. వాటి మధ్యలో ఎప్పుడైనా, ఏ ఏటికో ఒకటి, వేరేది ఉంటుందని ఆవిడ నమ్మకం. పదేళ్లుగా ప్రతి శరత్తులోనూ ఒక్కొక్క పక్షినీ ముక్కు నుంచి కాళ్ల దాకా చూసి రాసుకుని, ఆ జాబితాలు బొంబాయిలో పక్షుల సంగతులు అచ్చువేసే ఒక పత్రికకి పంపేవారు. వాళ్లు ఒకటి రెండు పంక్తులు వేసేవారు. మామూలు పక్షులైతే ఒక్కరు చూస్తే చాలు. అరుదైనదైతే ఇద్దరు చూడాలి, ఇద్దరూ విడివిడిగా రాయాలి, అది వాళ్ల నియమం. ఆవిడకి పదేళ్లుగా లేనిది ఆ రెండో మనిషే. ఆ పీట మీద నన్ను కూర్చోబెట్టారు.

పని పద్ధతి ఇలా ఉండేది. ఇద్దరికీ చెరొక నోటుపుస్తకం. ఇంకు తడికి కరిగిపోతుంది కాబట్టి పెన్సిలే. పేజీ నడిమికి ఒక గీత. ఎడమ పక్క 'చూసినది', కుడి పక్క 'అనుకున్నది'. దుర్భిణి ఒక్కటే ఉండేది, అందులోనూ ఒక అద్దానికి బూజు పట్టింది, అందుకని ఒక కన్ను మూసుకుని చూడాలి. ఆవిడ చూసి నాకిచ్చేవారు. ఆ తర్వాత ఇద్దరం వీపులు ఆనించుకుని కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా రాసుకోవాలి. రాయడం అయ్యాకే నోరు తెరవాలి. అప్పుడు పుస్తకాలు మార్చుకుని చదివి, ఒకరి రాత కింద ఒకరు సంతకం పెట్టాలి. అంత వాగే దాన్ని, ఆ మౌనం నాకెందుకు నచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ వెన్నుపూస నా వీపుకి తగిలేది. ఆ ఊళ్లో నా మాట మీద ఆధారపడ్డ మనిషి ఆవిడొక్కరే.

కార్తీకంలో ఒక ఆదివారం అది వచ్చింది. మంచు ఇంకా నీళ్ల మీద ఉంది. ఆవిడ దుర్భిణి కంటికి పెట్టుకుని అలాగే ఉండిపోయారు. ఎప్పుడూ తీరిగ్గా రాసే మనిషి, ఆ రోజు నాకు చూపించకముందే గబగబా రాయడం నా వీపుకే తెలిసింది. తర్వాత దుర్భిణి నా చేతికిచ్చారు. నేను కన్ను మూసి, రెండోది తెరిచి, చక్రం తిప్పుకునే లోపలే దిబ్బ మీద పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. తెల్లగా, పెద్దగా, దాదాపు గద్దంత ఏదో ఒకటి మిగతా వాటి పైనుంచి తేలి మంచులోకి వెళ్లిపోయింది. నేను చూసింది అంతే. అది ఎటు దిగుతుందో చూడటానికి టీచరు చెప్పులు వదిలి మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. ఆవిడ పుస్తకం రాతి మీద తెరిచి ఉంది.

నేను చదివాను. 'ముక్కు బలంగా, పసుపు, కొనకి దగ్గర నల్లపట్టీ. కంటి చుట్టూ నల్లటి మసక. ఎడమ రెక్కలో ఒక ఈక లోటు.' నా పుస్తకంలో అదే రాశాను. ఎందుకు రాశావని నన్ను నేను ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. ఆవిడని మోసం చేద్దామని కాదు. నేను చూడలేదంటే ఆవిడ పదేళ్లు ఎదురుచూసిన పక్షి, రెండో మనిషి లేనందువల్ల లెక్కలోకి రాకుండా పోతుంది. ఆవిడకి ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను. కుడి పక్క గడిలో రాయాల్సింది ఎడమ పక్క గడిలో రాశాను.

ఆవిడ తిరిగొచ్చి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని తన పుస్తకంలో ఏదో దిద్దుకున్నారు. తర్వాత నా పుస్తకం తీసుకుని చదివారు. ఒక మాట మీద వేలు పెట్టారు. "నువ్వూ ఎడమ అనే రాశావా? నేనూ ముందు అలాగే పొరబడ్డాను. మనకి ఎదురుగా ఉన్న పిట్టకి మన ఎడమ దాని కుడి అవుతుంది" అని సంతకం పెట్టేశారు. ప్రతి పంక్తినీ అనుమానించే మనిషి, మాట మాటా ఒకటిగా ఉన్న రెండు పేజీలు చూసి సంతోషపడ్డారు. పదేళ్లలో ఆ ఒక్కరోజు ఆవిడ చూడటం మానేసి అనుకోవడం మొదలుపెట్టారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఆవిడ మీద కూడా కోపమే. ఎప్పుడూ నన్ను నిలదీసేవారు కదా, ఆ రోజు ఎందుకు అడగలేదు?

బొంబాయి వాళ్లకి అది చిన్న విషయం కాదు. అది పెద్ద నల్లతల గల్, చలికాలంలో తల నలుపు పోయి కంటి చుట్టూ మసకే మిగులుతుంది; మన లోపలి ఊళ్లలో కనపడటం అరుదు. పుస్తకాలు చూసి రమ్మని బెజవాడ నుంచి ఒక లెక్చరరు గారిని పంపారు. హెడ్మాస్టరు గారు మా నాన్నకి కబురు చేశారు. మీ అమ్మాయి పేరు అచ్చులో పడుతుందన్నారు. నాన్న ఇస్త్రీ కండువా వేసుకుని వచ్చారు. పైకి చెప్పకపోయినా ఆ రోజు ఆయన నడక వేరేగా ఉంది.

లెక్చరరు గారు నెమ్మదస్తుడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి, "టీచరు గారు 'ఎడమ' అని రాసి, కొట్టేసి 'కుడి' అని దిద్దారమ్మా. నీ దాంట్లో ఎడమే ఉంది. మిగతా మాటలూ, వాటి వరసా, చివరికి చుక్కలు కూడా ఒకటే. ఇవి నీ మాటలేనా?" అన్నారు. గొంతు చాలా దయగా ఉంది.

నాన్న కుర్చీలో ముందుకి జరిగి, "అదేంటమ్మా? నువ్వు చూశావా, చూడలేదా?" అన్నారు. టీచరు అడగాల్సిన ప్రశ్న మా నాన్న నోట్లోంచి వచ్చింది. చూడలేదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. పిట్టని చూడకపోతే ఆదివారం ఆదివారం అక్కడేం చేస్తున్నావు? దాని తర్వాతి మాట కూడా తెలుసు. నేను తల వంచుకున్నాను.

"టీచరు గారు చెప్పారండీ. ఆవిడ చెప్పినట్టే రాశాను."

అంత వినయంగా నేను అంతకుముందు మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు. నాన్న వెనక్కి వాలారు. ఆయన మొహంలో కోపం నా మీద నుంచి అటు మళ్లడం నాకు స్పష్టంగా కనిపించింది. "పిల్లల చేత దొంగ సాక్ష్యాలు రాయిస్తారా టీచర్ గారూ?" అన్నారు. సలోమి టీచరు నా వైపు చూడలేదు. బల్ల మీదికి వంగి నా పేజీ ఒకసారి, తన పేజీ ఒకసారి చదివారు. ఆ రోజు కట్ట మీద చదవాల్సిన చదువు అప్పుడు చదివారు. "నేను చెప్పలేదు" అన్నారు, ఒక్కసారే. చిన్నపిల్ల అబద్ధం ఎందుకు ఆడుతుందండీ అన్నారు హెడ్మాస్టరు గారు. ఆవిడ తన పుస్తకం మూసేశారు.

బొంబాయి నుంచి వచ్చిన ఉత్తరాన్ని హెడ్మాస్టరు గారు స్టాఫు రూములో పైకి చదివారట; సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఆ గల్ పక్షినే కాదు, సలోమి టీచరు పదేళ్లుగా పంపిన ప్రతి జాబితానీ పక్కన పెడుతున్నామని రాశారు. పదేళ్ల ఆదివారాలు నా ఒక్క వాక్యంతో పోయాయి. పిల్లల్ని బడి బయటికి తీసుకెళ్లకూడదని ఆవిడకి కాగితం ఇచ్చారు. నాన్న నన్ను బడి మానిపించలేదు. పైగా నిజం చెప్పిన పిల్లనని నలుగురిలో అన్నారు.

ఆవిడ నా మీద కక్ష తీర్చుకుంటే బాగుండేది. మార్కులు కోస్తే, బెంచీ ఎక్కిస్తే నేను వాదించేదాన్ని, కొంత తేలికపడేదాన్ని. ఆవిడ హాజరు పట్టీలో నా పేరు పిలిచేవారు, అంతవరకే. నేను చెయ్యెత్తితే చూపు నా మీదుగా వెనక బెంచీకి వెళ్లేది. చూశావా, చూడలేదా అని నన్ను ఇక ఎన్నడూ అడగలేదు.

మరుసటి శరత్తులో పదో తరగతిలో ఉండగా, ఇంట్లో చెప్పకుండా ఒక ఆదివారం నడిచి కట్ట మీదికి వెళ్లాను. ఆవిడ ఒక్కరే రాతి మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని చూస్తున్నారు. కాసేపు నిలబడ్డాను. ఏడుద్దామని వెళ్లి వాదనకి దిగాను. మీరెందుకు ఊరుకున్నారండీ, నేను అబద్ధం చెప్పానని గట్టిగా ఎందుకనలేదండీ అని అడిగాను.

"నాకున్నది ఒక్కటే సాక్షి. అది చెప్పేసింది కదా" అన్నారు దుర్భిణి దించకుండానే.

"నాన్న బడి మానిపించేసేవారండీ."

"మానిపించలేదుగా. మంచిదే. అది నాకెందుకు చెప్తున్నావు?"

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "ఆ రోజు దాని ముక్కు చూశావా రాజ్యం?" అన్నారు. లేదన్నాను. రెక్క చూశావా అన్నారు. తెల్లగా ఏదో లేచిందండీ, అంతేనండీ అన్నాను. తన నోటుపుస్తకం, పెన్సిలు నా ఒళ్లో పెట్టారు. "అయితే అది రాయి. చూడలేదు అని రాయి. ఆ నాటి తేదీ వెయ్యి." ఎడమ పక్క గడిలో రాశాను. ఆవిడ కింద సంతకం పెట్టి, ఆ కాగితం చింపి నాకే ఇచ్చారు. బొంబాయికి మీరు పంపరా అని అడిగాను. "నేనెందుకు పంపాలి? నీకు చేతుల్లేవా?" అన్నారు.

చేతులున్నాయి. అయినా ఎనిమిదేళ్లు పంపలేదు. బడి అయ్యాక కాలేజీ, కాలేజీ అయ్యాక ఉద్యోగం, ప్రతిదానికీ నా దగ్గరొక వాదన ఉండేది. ఉద్యోగం వచ్చి, నాన్న మాటకి భయపడాల్సిన పని లేకుండా పోయాకే ఆ కాగితానికి ఒక ఉత్తరం జతచేసి పంపాను. ధైర్యం కాదది, ప్రమాదం దాటిపోయాక వచ్చిన నిజాయితీ. జవాబు వచ్చింది. దాన్ని పట్టుకుని రెడ్డిగూడెం వెళ్లాను. రిటైరయ్యాక ఆవిడ అక్కడ చెల్లెలి ఇంట్లో, మామిడితోట పక్కన ఉంటున్నారు. రెండు కళ్లకీ శుక్లాలు కమ్మాయి. గొంతు బట్టి నన్ను పోల్చుకున్నారు.

"చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు" అన్నారు.

చదివాను. టీచరు గారు చెప్పి రాయించారన్న అనుమానం తీరినందుకు సంతోషం అని ఉంది. పాత జాబితాలు ఇప్పుడు తమ దగ్గర లేవని ఉంది. ఆ పెద్ద గల్ విషయానికొస్తే, రెండో వ్యక్తి తాను చూడలేదని స్వయంగా రాసినందున నియమం ప్రకారం దాన్ని అంగీకరించలేమని ఉంది. నా అబద్ధం ఆ పిట్టని ఒకసారి చంపింది, నా నిజం రెండోసారి చంపింది. ఆవిడ నవ్వారు. కోటయ్యతో నవ్వినట్టే నవ్వారు.

"సరిగ్గానే రాశారు. నేనైనా అదే రాసేదాన్ని" అన్నారు. తర్వాత, "ఇంకా చూస్తున్నావా?" అని అడిగారు. ఉద్యోగంలో తీరడం లేదండీ అన్నాను. "ఉద్యోగం కళ్లకి అడ్డమొస్తోందా?" అన్నారు, తెల్లబడిన ఆ కళ్లు నా వైపు పెట్టి. క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని, అడగకుండానే బస్సెక్కాను. అడిగి ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. అది నాకెందుకు చెప్తున్నావు అనేవారు.

ఆవిడ పోయిన రెండేళ్లకి గానీ నాకు తెలియలేదు. నోటుపుస్తకాలైనా అడిగి తెచ్చుకుందామని వెళ్లాను. వాళ్ల చెల్లెలు నొచ్చుకుంటూ, ఏదో పిట్టల రాతలే కదమ్మా, మొన్న ఎండల్లో కాయలు బెజవాడ పంపేటప్పుడు బుట్టల అడుగున పరిచేశాం అన్నారు. ఆవిడని అనే హక్కు నాకెక్కడిది?

ఇప్పుడు ప్రతి శరత్తులోనూ ఆదివారం పొద్దున్నే కట్ట మీదికి వెళతాను. రెండు కళ్లకీ పనిచేసే మంచి దుర్భిణి కొనుక్కున్నాను. అయినా అలవాటుగా ఒక కన్ను మూసుకునే చూస్తాను. గోధుమ తలవి వస్తాయి, ఈ మధ్య తక్కువ వస్తున్నాయి. ఆ పెద్దది ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. రెండు నోటుపుస్తకాలు తీసుకెళతాను. ఒకటి రాతి మీద మూసే ఉంచుతాను. రెండో దాంట్లో నడిమికి గీత గీసి, పెన్సిలు చెక్కి, తేదీ వేసి, ఎడమ పక్క గడిలో 'చూడలేదు' అని రాస్తాను. కింద సంతకం పెట్టాల్సిన చోటు ప్రతి ఏడూ ఖాళీగానే ఉంటుంది.